పీల్చిన గ్యాస్ లోపల ఎక్కడ దిగుతుంది?

(సాయంత్రం సభలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని టైప్ చేశాం, మాట్లాడిన తీరు మార్చలేదు. చివర్లో సభలోంచి వచ్చిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా... ఆ, చేతులెత్తారు, సరే.

వంటింట్లోంచి మొదలెడదాం. పొయ్యి మీద మూకుడు పెట్టి నూనె పోసి, ఈలోగా ఫోనొస్తే అవతల గదిలోకెళ్ళి మాట్లాడుతూ ఉండిపోతాం కదా, తిరిగొచ్చేసరికి నూనె పొగలు కక్కుతుంటుంది, ఇల్లంతా కమురు వాసన, కళ్ళలో నీళ్ళు, ముక్కు మంట, గొంతు గీరుకుపోయినట్టై ఒకటే దగ్గు. ఆ మంట పెట్టేదాంట్లో పెద్ద వాటా అక్రోలిన్ అనే గ్యాస్‌ది. నూనె మరీ వేడెక్కితే అందులో ఉన్న గ్లిసరాల్ విరిగి అక్రోలిన్ అవుతుంది. సిగరెట్ పొగలోనూ ఉంటుంది, కట్టెల పొయ్యి పొగలోనూ ఉంటుంది.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. మండింది కళ్ళు, ముక్కు, గొంతు. ఛాతీ లోపల అడుగున మండిందని ఎవరూ అనరు. మరి గాలి లోపలిదాకా వెళ్ళింది కదా, మంట ఎందుకు వెళ్ళలేదు? ఎందుకంటే ఆ గ్యాస్‌లో ఎక్కువ భాగం దారిలోనే పట్టుబడిపోయింది, ముక్కు లోపలి తడిలో కరిగి అక్కడి కణాల ప్రోటీన్లకి అతుక్కుపోయింది. గాలి మాత్రమే లోపలికెళ్ళింది.

ఈరోజు నేను చెప్పదల్చుకున్నదంతా దీని చుట్టూనే. మనం గ్యాస్ లీకైందనగానే "అది ఎంత విషం?" అని అడుగుతాం. పేపర్లో అదే రాస్తారు, టీవీలో అదే అడుగుతారు. నా ఉద్దేశంలో అంతకంటే ముందు అడగాల్సింది "అది లోపల ఎక్కడ ఆగుతుంది?" అని. ఎందుకంటే ఏ అవయవం దెబ్బతింటుంది, ఎప్పుడు దెబ్బతింటుంది, పేషెంటుని ఇంటికి పంపొచ్చా రాత్రికి ఆస్పత్రిలో ఉంచాలా, మొహానికి తడిగుడ్డ కట్టుకుంటే పనికొస్తుందా రాదా, ఇవన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

దారి ఎలా ఉంటుందో చెప్తా. ముక్కు బయటికి చిన్నగా కనిపిస్తుంది గానీ లోపల ఇరుకు సందులు, మూడేసి మడతలు, ఆ మడతల మీద ఎప్పుడూ తడి, కింద బోలెడంత రక్తప్రవాహం. గాలి ఆ సందుల్లోంచి దూరి వెళ్ళాలి, అంటే గాలిలోని ప్రతి అణువుకీ తడి గోడ ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటుంది. తర్వాత గొంతు, తర్వాత శ్వాసనాళం, అది రెండుగా చీలుతుంది, ఆ రెండూ మళ్ళీ రెండేసి, అలా దాదాపు 23 సార్లు చీలుతుంది. 1963లో వైబెల్ అనే ఆయన ఊపిరితిత్తుల్ని కొలిచి వేసిన లెక్క ఇది, ఇప్పటికీ అందరం దాన్నే వాడుతున్నాం. మొదటి 16 చీలికలు గాలి పోయే గొట్టాలే, ఆ తర్వాత నుంచే ఆక్సిజన్ మార్పిడి మొదలవుతుంది, చివర్న వాయుగోణులు, అంటే గాలి నిండే బుల్లి బుల్లి సంచులు. శ్వాసనాళం అడ్డంగా కోస్తే రెండున్నర చదరపు సెంటీమీటర్లు ఉంటుందేమో, అదే చివరి వాయుగోణులన్నీ పరిస్తే 70 నుంచి 100 చదరపు మీటర్లు, అంటే సుమారుగా ఒక డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ నేలంత.

ఈ దారి అంతా తడిపొర ఉంటుంది. కానీ అన్ని చోట్లా ఒకే మందం కాదు, ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. శ్వాసనాళంలో అది 10 మైక్రాన్లకి అటూ ఇటూ ఉంటుంది, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, పైన జిగురు, కింద నీళ్ళలాంటి ద్రవం. చివర వాయుగోణుల్లో 0.2 మైక్రాన్లే. యాభై రెట్లు పలచన అన్నమాట.

ఇప్పుడు గ్యాస్ సంగతి. గ్యాస్ గోడలోకి వెళ్ళాలంటే రెండు అడ్డంకులు దాటాలి. గాలిలోంచి గోడ దాకా రావాలి, అది ఒకటి. గోడ మీద తడిలో కరిగి లోపలికి పోవాలి, అది రెండోది. కరగడం బాగా తేలికైన గ్యాస్ అయితే రెండో అడ్డంకి లేనట్టే, గోడ తగిలిందంటే అయిపోయింది. కరగనిదైతే గోడని ఎన్నిసార్లు తగిలినా మళ్ళీ గాలిలోకే వచ్చేస్తుంది, ముందుకు పోతూనే ఉంటుంది.

అంకెల్లో చెప్తే బాగా అర్థమవుతుంది. మామూలు గది వేడిలో ఒక లీటరు నీళ్ళలో అమోనియా 700 లీటర్ల దాకా కరుగుతుంది. 700! సల్ఫర్ డయాక్సైడ్ 40 లీటర్ల దాకా. క్లోరిన్ రెండు లీటర్ల పైచిలుకు. ఓజోన్ అయితే పావు లీటరుకి కాస్త అటూ ఇటూ. ఆర్టీసీ బస్సులో జనం ఒక్కొక్కరు ఒక్కో స్టాపులో దిగినట్టు, అమోనియా మొదటి స్టాపులోనే దిగిపోతుంది, క్లోరిన్ కొంచెం ముందుకొస్తుంది, ఓజోన్, నైట్రోజన్ డయాక్సైడ్, ఫాస్జీన్ లాంటివి చివరి స్టాపు దాకా టికెట్ తీసుకున్న బాపతు.

అయితే కరగడం ఒక్కటే చూసి లెక్కేస్తే తప్పుతుంది. పాత పుస్తకాల్లో అలాగే రాసేవాళ్ళు, ఇప్పటికీ చాలా నోట్సుల్లో అంతవరకే ఉంటుంది. కరిగాక ఏమవుతుందన్నది కూడా చూడాలి. కరిగిన గ్యాస్ అలాగే ఉండిపోతే ఆ తడి నిండిపోతుంది, నిండాక ఇంక తీసుకోదు. కానీ కరిగిన వెంటనే ఇంకోదాంతో రియాక్ట్ అయి మాయమైపోతుంటే ఆ తడి ఎప్పటికీ నిండదు, ఎంత వచ్చినా లాగేస్తూనే ఉంటుంది. రియాక్టివ్ గ్యాస్ అంటే ఇదే తేడా. ఓజోన్ నీళ్ళలో దాదాపు కరగదు కదా, మరి మనం పీల్చిన ఓజోన్‌లో 80, 90 శాతం మళ్ళీ బయటికి రాదు, లోపలే అయిపోతుంది. ఎలా? ఆ తడిపొరలో విటమిన్ సి ఉంటుంది, యూరిక్ యాసిడ్ ఉంటుంది, గ్లుటాథయోన్ ఉంటుంది, అవి ఓజోన్‌ని కనపడగానే పట్టేస్తాయి. యూరిక్ యాసిడ్ అంటే మనకి కీళ్ళ వాతమే గుర్తొస్తుంది గానీ ముక్కు తడిలో అది చేసే కాపలా పని ఎవరికీ తెలీదు పాపం.

కార్బన్ మోనాక్సైడ్‌ని పక్కన పెట్టి చూడండి. దానికి ముక్కులో కరిగే గుణం లేదు, తడిపొరతో రియాక్ట్ అయ్యే గుణమూ లేదు. వాసన లేదు, మంట లేదు, నేరుగా చివరిదాకా వెళ్ళి రక్తంలో హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది. చలికాలం తలుపులన్నీ మూసుకుని గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళు లేవకుండా పోయారని వార్తలొస్తాయి చూడండి, వాళ్ళకి ముక్కు ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వలేదు. అందుకే నేనంటాను, మండే గ్యాస్‌ని తిట్టుకోకండి, అది కనీసం పారిపొమ్మని చెప్తోంది.

సల్ఫర్ డయాక్సైడ్ మీద మంచి ప్రయోగాలున్నాయి, బొగ్గు కాల్చే చోటల్లా వచ్చే గ్యాస్ అది. 1960ల్లో మనుషులకే ముక్కు ద్వారా పీల్పించి గొంతు దగ్గర సన్నటి గొట్టం పెట్టి కొలిచారు, అక్కడికొచ్చేసరికే నూటికి 95 కంటే ఎక్కువ మాయం. ముక్కు అంత బాగా ఆపింది. ఇంకో తమాషా ఏంటంటే ఊపిరి వదిలేటప్పుడు, అప్పటికే కడిగేసిన గాలి లోపల్నుంచి వస్తుంది కదా, ఆ శుభ్రమైన గాలి తగిలేసరికి ముక్కు తడిలో దాచుకున్న దాంట్లో కొంత మళ్ళీ బయటికి వదిలేసింది. అంటే పూర్తిగా రియాక్ట్ అయిపోనిది కొంత అలాగే ఉందన్నమాట.

తర్వాత కుక్కల మీద చేశారు. ముక్కుని విడిగా, నోటిని విడిగా పరీక్షించారు. గాలి నెమ్మదిగా, నిమిషానికి మూడున్నర లీటర్లు పంపితే ముక్కూ దాదాపు అంతా పట్టింది, నోరూ దాదాపు అంతా పట్టింది. తేడా లేదు. అదే గాలిని పది రెట్లు పెంచి 35 లీటర్లు చేశారు. ముక్కు అప్పటికీ 95 శాతం పైనే పట్టుకుంది. నోరు? మూడో వంతుకి పడిపోయింది. మిగతా రెండొంతులు నేరుగా కిందకి.

ఇది ఎంత ముఖ్యమో చూడండి. మనిషి కూర్చుని ఉంటే నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్లు పీలుస్తాడు, ముక్కుతోనే. మెట్లెక్కినా, బస్తాలు మోసినా, పరిగెత్తినా పీల్చేది పెరుగుతుంది, నిమిషానికి 35 లీటర్లకి అటూ ఇటూ వచ్చేసరికి చాలామందికి ముక్కు చాలక నోరు తెరుచుకుంటుంది. అంటే ఏం జరిగింది, గాలి ఎక్కువ పీలుస్తున్నాడు, అది ఒకటి. ఆపే ముక్కుని తప్పించి నోటితో పీలుస్తున్నాడు, రెండు. ఆ గాలి స్పీడుగా పోతోంది కాబట్టి గోడకి తగిలే టైం లేదు, మూడు. మూడూ కలిసి ఒకేసారి కొడతాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళని కూర్చోబెట్టి తక్కువ మోతాదు సల్ఫర్ డయాక్సైడ్ ఇస్తే పెద్దగా ఏమీ కాదు, అదే వాళ్ళని సైకిల్ తొక్కిస్తూ అర పీపీఎం, అంటే పది లక్షల వంతుల గాలిలో అర వంతు గ్యాస్, అలాంటి మోతాదే ఇస్తే ఐదు పది నిమిషాల్లో ఊపిరి బిగుసుకుపోతుంది. గ్యాస్ అదే, మోతాదు అదే, మనిషీ అదే.

మరి లండన్‌లో 1952 డిసెంబర్‌లో పొగమంచుకి నాలుగు వేల మంది పోయారు కదా, తర్వాత లెక్కలేసినవాళ్ళు పన్నెండు వేల దాకా అన్నారు, ఆ గాలిలో ఉన్నది బొగ్గు పొగ, సల్ఫర్ డయాక్సైడే కదా, ముక్కు ఆపేస్తే అంతమంది ఎలా పోయారని అడగొచ్చు. అక్కడ మసి ఉంది, నీటి తుంపర్లు ఉన్నాయి. గ్యాస్ ఆ తుంపర్లలో కరిగి సల్ఫ్యూరిక్ యాసిడ్ అయింది. గ్యాస్ అణువు ముక్కు గోడకి కొట్టుకుంటుంది గానీ ఒక మైక్రాన్ లోపు తుంపర గాలితో పాటు వంపులు తిరిగి లోపలికి పోతుంది. ముక్కు దగ్గర దిగాల్సింది ఇంకో బండెక్కి ఊపిరితిత్తుల్లోకి చేరింది. అందుకే అగరొత్తుల పొగ, దోమల చుట్ట పొగ "అందులో ఏముందండీ కొంచెం ఫార్మాల్డిహైడేగా" అంటే ఒప్పుకోను, పొగ రేణువులతో కలిసి ఉన్న గ్యాస్ లెక్క వేరు.

అమోనియా గురించి మన కోస్తా వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఐస్ ప్లాంట్లు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, కోల్డ్ స్టోరేజీలు అన్నీ అమోనియాతోనే నడుస్తాయి. కాస్త లీకైతే చాలు ముక్కు పగిలిపోతుంది, ఎవడూ అక్కడ నిలబడడు. పీల్చిందంతా పైనే ఆగుతుంది. అయితే "పైనే ఆగుతుంది కాబట్టి ప్రమాదం లేదు" అనుకోకండి. పైన ఆగిందంటే దెబ్బంతా పైన తగిలిందని. ఎక్కువ మోతాదులో పడితే గొంతు, స్వరపేటిక వాచిపోయి దారి మూసుకుపోతుంది, ఊపిరితిత్తులు బాగానే ఉన్నా గాలి వెళ్ళే దారి ఉండదు. అలాంటి పేషెంటు గొంతు బొంగురుపోయిందంటే, ఊపిరి తీసేటప్పుడు కూత లాంటి శబ్దం వస్తోందంటే, ఎక్స్‌రే కోసం క్యూలో నిలబెట్టకూడదు, ముందు గాలి దారి కాపాడాలి.

క్లోరిన్ మధ్య రకం. వాటర్ వర్క్స్‌లో పనిచేసేవాళ్ళకి తెలుసు, టన్నర్లు ఉంటాయి, అంటే క్లోరిన్ నింపిన పెద్ద సిలిండర్లు, 900 కిలోలవి. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో ఒక పద్ధతి కనిపెట్టారు, మనిషి ఊపిరి తీసుకుంటుండగా సరిగ్గా ఒక చోట చిటికెడు గ్యాస్‌ని గాలిలోకి వదులుతారు, ఊపిరి మొదట్లో వదిలితే అది లోతుకి పోతుంది, చివర్లో వదిలితే పైపైనే ఉంటుంది, ఎంత తిరిగొచ్చిందో కొలిచి ఏ లోతులో ఎంత పోయిందో లెక్కేస్తారు. చాలా తెలివైన పద్ధతి. మూడు పీపీఎం లోపు క్లోరిన్‌తో చేస్తే, నెమ్మదిగా పీల్చేటప్పుడు 95 శాతం పైగా గొంతు దాటకుండానే అయిపోయింది, నోటితో పీల్చినా సరే. క్లోరిన్ నీళ్ళలో కరిగేది తక్కువే, కానీ తడి తగలగానే హైడ్రోక్లోరిక్ యాసిడ్, హైపోక్లోరస్ యాసిడ్‌గా మారిపోతుంది, ఆ రెండోది కనపడ్డ ప్రోటీన్‌ని వదలదు. కరిగేది తక్కువ, రియాక్షన్ ఎక్కువ, అందుకే అంత బాగా ఆగింది.

మరి క్లోరిన్‌కి ఊపిరితిత్తుల్లో నీరు చేరి చచ్చిపోయినవాళ్ళు లేరా? ఉన్నారు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలో ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం వేల సిలిండర్లు తెరిచి వదిలింది క్లోరినే. మన తడిపొరలో గ్యాస్‌ని పట్టేసే సరుకు ఉన్నది కొంతే. కొంచెం కొంచెం వస్తే పట్టుకుంటుంది, ముంచెత్తితే ఆ సరుకు అయిపోతుంది, ఆ పైన వచ్చేది అడ్డులేకుండా కిందకి దిగుతుంది. పైగా భయంతో పరిగెత్తేవాడు నోటితోనే పీలుస్తాడు. చిన్న మోతాదులో చూసింది పెద్ద మోతాదుకి అలాగే వర్తిస్తుందనుకోవడం ఈ సబ్జెక్టులో అందరూ పడే గొయ్యి.

ఇంట్లో కూడా ఇది జరుగుతుంది. బాత్రూం కడగడానికి బ్లీచింగ్ పౌడర్ చల్లి, దాని మీదే యాసిడ్ పోస్తారు, "రెండూ కలిస్తే ఇంకా బాగా తెల్లబడుతుంది" అని. అక్కడికక్కడే క్లోరిన్ పుడుతుంది. చిన్న బాత్రూం, తలుపు దగ్గరకేసి ఉంటుంది, ఒంగి రుద్దుతుంటారు, క్లోరిన్ గాలికంటే రెండున్నర రెట్లు బరువు కాబట్టి నేల దగ్గరే ఉంటుంది, మొహం కూడా అక్కడే ఉంటుంది. దయచేసి ఆ పని చేయకండి, చేయించకండి. పనిమనిషికి సీసాలు ఇచ్చి మనం హాల్లో కూర్చోవడం కాదు.

ఇక ఓజోన్. నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఇదే కాబట్టి కొంచెం ఎక్కువ టైం తీసుకుంటా.

పైన ఆకాశంలో ఉన్న ఓజోన్ పొర గురించి కాదు, నేల దగ్గర ఎండకి, వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లకి, పెట్రోలు ఆవిర్లలాంటి వాటికి రియాక్షన్ జరిగి పుట్టేది. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నాల్లో ఎక్కువ. మన దేశంలో ఎనిమిది గంటల సగటుకి క్యూబిక్ మీటరుకి 100 మైక్రోగ్రాములు దాటకూడదని 2009 నుంచి ప్రమాణం ఉంది. ఓజోన్‌లో సుమారు 40 శాతం ముక్కు, గొంతులోనే పోతుంది. మిగిలింది కిందకి దిగుతుంది. జంతువుల్లో చూస్తే దెబ్బ అన్నిచోట్లా సమానంగా తగల్లేదు, కచ్చితంగా ఒక్కచోట, గొట్టాలు అయిపోయి వాయుగోణులు మొదలయ్యే ఆ జంక్షన్ దగ్గర కణాలు దెబ్బతిన్నాయి. ఎందుకు అక్కడే? 1970, 80ల్లో అమెరికాలో కంప్యూటర్ మోడల్స్ వేశారు, ఓజోన్ ఎక్కడ ఎంత దిగుతుందో లెక్కలోంచే తీశారు. లెక్కలో ఎక్కువ మోతాదు పడ్డ చోటూ, మైక్రోస్కోపులో దెబ్బ కనపడ్డ చోటూ ఒకటే.

కారణం ఏంటో మీరే చెప్పగలరు, ఇందాక తడిపొర మందం గుర్తుపెట్టుకోమన్నాగా. పైన గొట్టాల్లో ఓజోన్ బాగానే ఉంటుంది గానీ తడిపొర మందంగా ఉంటుంది, కణం దాకా రాకుండానే అందులోని విటమిన్ సి, యూరిక్ యాసిడ్ ఖర్చుచేసేస్తాయి. మరీ చివర వాయుగోణుల్లో పొర పలచనే గానీ అప్పటికి ఓజోన్ పెద్దగా మిగల్లేదు, మిగిలింది కూడా అంత పెద్ద విస్తీర్ణం మీద పలచబడిపోతుంది. ఈ రెంటికీ మధ్య జంక్షన్‌లో? ఓజోన్ ఇంకా ఉంది, కాపాడే పొర పలచబడిపోయింది. దెబ్బ అక్కడే.

ఇంకో ముడి ఉంది. ఓజోన్ ఎంత తొందరగా రియాక్ట్ అవుతుందంటే 0.1 మైక్రాన్ల కంటే మందంగా ఉన్న పొరని ఓజోన్‌గా దాటడం దానికి చాలా కష్టమని లెక్కలు. మరి కింద కణం ఎలా దెబ్బతింటోంది? ఆ పొరలోని కొవ్వులతో రియాక్ట్ అయినప్పుడు ఆల్డిహైడ్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి పుడతాయి, అవి ఓజోన్ అంత తొందరపడవు, నింపాదిగా లోపలికి పాకుతాయి. ఓజోన్ కబురు పంపుతుందన్నమాట, తను రాదు. కాబట్టి పొర "ఆపింది" అంటే పూర్తిగా ఆపినట్టు కాదు, విషాన్ని ఇంకో రూపంలోకి మార్చింది. విటమిన్ సితో రియాక్ట్ అయితే చాలావరకు మంచిదే, కొవ్వుతో అయితే చెడ్డది. ఏది ముందు దొరుకుతుందన్నదే ఆట.

మనుషుల్లో ఏమవుతుంది? ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళని గదిలో కూర్చోబెట్టి 0.08 పీపీఎం ఓజోన్‌లో ఆరున్నర గంటలు, మధ్యమధ్య ఎక్సర్‌సైజ్ చేయిస్తూ ఉంచితే ఊపిరి వదిలే సామర్థ్యం తగ్గింది, గట్టిగా లోతుగా పీల్చబోతే నొప్పి వచ్చి శరీరమే మధ్యలో ఆపేసింది. అందరికీ ఒకేలా కాదు, కొందరికి బాగా తగ్గింది, కొందరికి అసలు తెలియలేదు. వరసగా నాలుగైదు రోజులు పెడితే ఆ నొప్పీ, ఆ తగ్గుదలా పోయాయి. అలవాటైపోయింది అనుకుంటాం. లోపల వాపు మాత్రం అలవాటు పడినట్టు పూర్తిగా మానదు. ఇది నాకు చాలా భయంగా అనిపిస్తుంది, మంట ఆగిపోవడమూ దెబ్బ ఆగిపోవడమూ ఒకటి కాదు.

నైట్రోజన్ డయాక్సైడ్ తొందరగా చెప్పేస్తా. బంగారం పనివాళ్ళ షాపుల్లో నైట్రిక్ యాసిడ్‌లో వెండి, రాగి కరిగించేటప్పుడు గోధుమరంగు పొగ లేస్తుంది చూశారా, అదే. ముక్కుని పెద్దగా మండించదు, కాసేపు దగ్గు, కొంచెం తలనొప్పి, బయటికొచ్చి టీ తాగితే సర్దుకున్నట్టే ఉంటుంది. ఆ రాత్రో మర్నాడో ఊపిరి ఆడదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. బయటపడ్డామనుకున్నాక కూడా కొందరికి రెండు నుంచి ఆరు వారాల్లో చిన్న గాలిగొట్టాలు మచ్చకట్టి మూసుకుపోతాయి. ఫాస్జీన్ కూడా అదే రకం, తాజాగా కోసిన గడ్డి వాసన అంటారు, ఇంపుగానే ఉంటుంది. క్లోరిన్ ఉన్న సాల్వెంట్లతో గ్రీజు తుడిచిన ఇనుము మీద ఆరకుండానే వెల్డింగ్ పెడితే అది పుట్టే అవకాశం ఉంది. ఇలాంటివి పీల్చినవాళ్ళని "బాగానే ఉన్నాడుగా" అని పంపేయకూడదు, 24 గంటలు అబ్జర్వేషన్, కదలకుండా రెస్టు.

మెడికల్ స్టూడెంట్లు ఉన్నారా ఇక్కడ? ఆ, ఉన్నారు. డిసెక్షన్ హాల్లో ఫార్మాలిన్‌కి కళ్ళెంబడి నీళ్ళు కారతాయి కదా. అందులోంచి వచ్చే గ్యాస్ ఫార్మాల్డిహైడ్, అది కరగడంలోనూ, రియాక్షన్‌లోనూ రెంటిలోనూ గట్టిది, కాబట్టి దాదాపు అంతా ముక్కులోనే ఆగుతుంది. ఎంతలా అంటే ఎలుకలకి 14 పీపీఎం పీల్పించినా రక్తంలో దాని మట్టం పెరగలేదు. మనుషులకి రెండు పీపీఎం దగ్గర చూసినా పెరగలేదు. మన ఒంట్లో సహజంగా ఉండేదే ఉంది.

బాగుంది కదా, రక్తంలోకి రావట్లేదు, ముక్కు ఆపేసింది. ఇప్పుడు వినండి. ఎలుకలకి రెండేళ్ళు 14.3 పీపీఎం పెట్టారు, సగానికి దగ్గరగా ఎలుకలకి ముక్కు లోపల క్యాన్సర్ వచ్చింది. 5.6 పీపీఎం దగ్గర రెండిటికి వచ్చింది. రెండు పీపీఎం దగ్గర ఒక్కదానికీ రాలేదు. ఆపినవాడే దెబ్బ తిన్నాడు. చిట్టెలుకలకి అదే 14.3 పెడితే రెండిటికే వచ్చింది. గదిలో గాలి ఒకటే, మోతాదు ఒకటే. తేడా ఏంటంటే చిట్టెలుక ముక్కు మండగానే ఊపిరి తీయడం తగ్గించేస్తుంది, పెద్ద ఎలుక అంతగా తగ్గించదు. ముక్కు గోడ మీద పడిన అసలు మోతాదు లెక్కేస్తే చిట్టెలుకకి 14 అంటే ఎలుకకి ఆరుకి దగ్గర. గాలిలో ఉన్న పీపీఎం కాదు లెక్క, గోడ మీద చదరపు సెంటీమీటరుకి ఎంత పడిందన్నదే లెక్క. 2004లో ఫార్మాల్డిహైడ్‌ని మనుషులకి క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో పెట్టారు.

భోపాల్, విశాఖ గురించి చెప్పకుండా దిగితే మీరు ఊరుకోరు. రెండిటినీ ఒకే గాటన కడతారు, అది తప్పు. 1984 డిసెంబర్ 2 రాత్రి భోపాల్‌లో లీకైన మిథైల్ ఐసోసయనేట్ రియాక్టివ్ గ్యాస్, సుమారు 40 టన్నులు, కళ్ళు కాలిపోయినట్టు మంట, గాలిగొట్టాల లోపలి పొర ఊడిపోవడం, ఊపిరితిత్తుల్లో నీరు. అది నీళ్ళతో రియాక్ట్ అవుతుంది గానీ క్షణంలో కాదు, నిమిషాలు పడుతుంది, అందుకే పైన మండిస్తూనే లోతుకీ వెళ్ళింది. పరిగెత్తినవాళ్ళు ఎక్కువ పీల్చారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో వచ్చింది స్టైరిన్ ఆవిరి, పన్నెండు మంది పోయారు. స్టైరిన్ ముక్కునీ కళ్ళనీ మండించినా అక్కడ పట్టుబడి అయిపోయే రకం కాదు, కొవ్వులో కరిగే సాల్వెంట్, ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి, అక్కడ్నుంచి మెదడుకి. నడుస్తున్నవాళ్ళు నడుస్తున్నట్టే రోడ్డు మీద కూలిపోయిన వీడియోలు చూశాం కదా, అది మెదడు మీద పని. గ్యాస్ అని ఒకే పేరుతో పిలుస్తాం గానీ రెండూ రెండు వేర్వేరు జబ్బులు.

టైం అయిపోయిందంటున్నారు. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, తడిగుడ్డ కట్టుకోమంటారు కదా, అది నిజంగా పనిచేస్తుందా?

గ్యాస్‌ని బట్టి ఉంటుందమ్మా. అమోనియా, క్లోరిన్ లాంటి వాటికి కొంత పనికొస్తుంది, ముక్కు చేసే పనే గుడ్డ ముందే చేస్తుంది. స్టైరిన్‌కీ, నైట్రోజన్ డయాక్సైడ్‌కీ, కార్బన్ మోనాక్సైడ్‌కీ దాన్ని నమ్ముకోవద్దు. ఏదైనా సరే అది బయటపడేదాకానే, గుడ్డ కట్టుకున్నాను కదా అని లోపల నిలబడి వాల్వు తిప్పుతూ కూర్చోడానికి కాదు. గాలి ఎటు వీస్తోందో చూసి దానికి అడ్డంగా పక్కకి పోవాలి, గాలితో పాటు పరిగెత్తితే గ్యాస్ కూడా మీతోనే వస్తుంది. క్లోరిన్ అయితే ఎత్తుకి ఎక్కాలి.

ప్రశ్న: కరోనాకి కొన్న ఎన్-95 మాస్కులు ఇంట్లో బోలెడున్నాయండీ.

అవి రేణువుల్ని ఆపుతాయి బాబూ, గ్యాస్‌ని ఆపవు. మసి, పొగ రేణువులకి సరే.

ప్రశ్న: నేను రోజూ జాగింగ్ చేస్తానండీ. పొద్దున మంచిదా సాయంత్రం మంచిదా?

ఓజోన్ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎక్కువ, తెల్లవారుజామున తక్కువ. కానీ పొద్దున్నే మెయిన్ రోడ్డు పక్కన పరిగెడితే వాహనాల నైట్రోజన్ డయాక్సైడ్, పొగ ఉంటాయి. పొద్దున్నే, రోడ్డుకి దూరంగా. ముక్కుతో పీల్చగలిగే స్పీడులో పరిగెడితే ఇంకా మేలు.

ప్రశ్న: సార్, మా ప్లాంట్‌లో అమోనియాకి మాస్కులిచ్చారు, కార్ట్రిడ్జ్ తిప్పి పెట్టేవి. ఎన్నాళ్ళు వాడొచ్చు?

మంచి ప్రశ్న. దాని మీద పట్టీ రంగు చూడండి, అమోనియాకి ఆకుపచ్చ రంగు ఉండాలి, వేరే రంగుది ఇస్తే వెంటనే అడగండి. ఎక్స్‌పైరీ డేట్ చూడండి. సీలు తీసేశాక డేట్‌తో పనిలేదు, వాడకపోయినా గాలిలోని తేమకి పాడవుతుంది. మాస్కు పెట్టుకుని ఉండగా వాసన తెలిసిందంటే అది నిండిపోయినట్టే, బయటికొచ్చేయాలి. ఇంకోటి, లీకు ఎక్కువైతే కార్ట్రిడ్జ్ సరిపోదు, అమోనియా 300 పీపీఎం దాటితే అది ప్రాణానికే ప్రమాదమని లెక్క, అక్కడికి సిలిండర్ గాలితో పీల్చే సెట్టు వేసుకున్నవాళ్ళే వెళ్ళాలి. మీ ప్లాంట్‌లో ఆ సెట్టు ఎక్కడుందో తెలుసా?... తెలీదా. రేపు డ్యూటీకి వెళ్ళగానే సేఫ్టీ ఆఫీసర్‌ని అడగండి, తాళం వేసిన గదిలో ఉంటే ఆ తాళం నైట్ షిఫ్టులో ఎవరి దగ్గరుంటుందో కూడా అడగండి.